ఒక్క సైకిలు - రెండు దారులు

విజయవాడ నుంచి ఏలూరు వెళ్ళే బస్సు ఎక్కితే, మూడింట రెండు వంతుల దారి గడిచాక హనుమాన్ జంక్షన్ వస్తుంది. అక్కడున్న ఆంజనేయస్వామి గుడిని బట్టే ఆ కూడలికి ఆ పేరు వచ్చింది. చెన్నై - కోల్‌కతా జాతీయ రహదారి మీద పెరిగిన ఊరు అది. 2010 వరకు ఆ రహదారిని 5వ నంబరు అనేవారు. ఇప్పుడు 16వ నంబరు. ఆ కూడలి నుంచే ఒక రోడ్డు నూజివీడు వైపుకు, ఇంకొకటి గుడివాడ వైపుకు చీలుతాయి.

ఈ రెండు రోడ్ల మీద కాస్త దూరం పోయి చూడండి. నూజివీడు వైపు నేల మెరక. ఎర్రమట్టి, గులకరాళ్ళు, మామిడి తోటలు. గుడివాడ వైపు నేల పల్లం. నల్లమట్టి, వరిచేలు, ఎటు చూసినా కాలవలు. 1855లో విజయవాడ దగ్గర కృష్ణానదికి ఆనకట్ట కట్టడం పూర్తయింది. దాని స్థానంలో 1957లో ప్రకాశం బ్యారేజి వచ్చింది. ఆ నీటి కోసం తవ్విన కాలవల మట్టిని రెండు వైపులా పోస్తే గట్లు అయ్యాయి. ఆ గట్లే ఎన్నో ఊళ్ళకు దారులయ్యాయి. మెరక నుంచి తెచ్చిన ఎర్ర గ్రావెలు పరిచిన గట్లు కొన్ని, ఉత్త మట్టి గట్లు కొన్ని.

ఇప్పుడు ఒక సమస్య చూద్దాం. తొమ్మిదో తరగతి చదివే ఒక అమ్మాయి ఇల్లు కాలవ అవతల ఉందనుకోండి. బడి 6 కిలోమీటర్లు. అందులో 3 కిలోమీటర్లు గట్టు మీద గ్రావెలు దారి. మిగతా 3 తారు రోడ్డు. బస్సు వేళకు రాదు. ఇంట్లో ఒక్క సైకిలు కొనడానికే డబ్బుంది. దుకాణంలో ఒకరు, "సన్న టైర్ల రేసు సైకిలు తీసుకో, రివ్వున పోతుంది" అన్నారు. ఇంకొకరు, "లావు టైర్లు, ముందు షాక్ అబ్జార్బర్లు ఉన్నది తీసుకో, గట్టు మీద అదే ఆగుతుంది" అన్నారు. తాతయ్య మాత్రం, "నా పాత నల్ల సైకిలుకు ఏం తక్కువ?" అన్నారు.

ముగ్గురిలో ఎవరి మాట సరైంది? సరైన సైకిలు దొరక్కపోతే ఆ అమ్మాయికి రోజూ బడికి ఆలస్యమే. వానాకాలంలో అసలు బడే మానేయవలసి రావచ్చు. కాబట్టి ఈ ప్రశ్నకు జవాబు అందం చూసి కాదు, లెక్క చూసి చెప్పాలి.

సైకిలును వెనక్కి లాగేది ఎవరు?

సమతలం మీద సైకిలు తొక్కేటప్పుడు మనకు ముఖ్యంగా ఇద్దరు శత్రువులు. ఒకటి గాలి. రెండోది టైరు దొర్లేటప్పుడు కలిగే నిరోధం.

గాలి సంగతి ముందు చూద్దాం. గాలి నిరోధం వేగం వర్గంతో పెరుగుతుంది. అంటే వేగం రెట్టింపయితే నిరోధం నాలుగింతలు. గంటకు 15 కిలోమీటర్ల వేగంతో నిటారుగా కూర్చుని తొక్కేవారిని గాలి సుమారు 6 న్యూటన్ల బలంతో ఆపుతుంది. అదే 30 కిలోమీటర్ల వేగమైతే 24 న్యూటన్లు! రేసు పందెగాళ్ళు నడుము వంచి హ్యాండిలు మీదకు వాలేది ఇందుకే.

ఇక టైరు. ఒక రబ్బరు బంతిని మీటరు ఎత్తు నుంచి వదలండి. అది మళ్ళీ మీటరు ఎత్తుకు లేవదు. రబ్బరు నొక్కుకున్నప్పుడు తీసుకున్న శక్తినంతా తిరిగి ఇవ్వదు. కొంత వేడిగా మారిపోతుంది. టైరు దొర్లేటప్పుడు కూడా నేలను తాకిన భాగం నొక్కుకుంటుంది, పైకి వెళ్ళాక విచ్చుకుంటుంది. ప్రతి చుట్టుకూ ఇలా కొంత శక్తి పోతూనే ఉంటుంది. మన విద్యార్థిని 50 కిలోలు, సైకిలు, పుస్తకాల సంచి కలిపి 20 కిలోలు అనుకుంటే మొత్తం 70 కిలోలు. మామూలు టైర్లతో నున్నని తారు రోడ్డు మీద ఈ నిరోధం ఉజ్జాయింపుగా 4 న్యూటన్లు. అంటే మీటరు దూరానికి 4 జౌళ్ళ శక్తి ఖర్చు.

మరి గట్టిగా గాలి కొట్టిన సన్న టైరు వేస్తే? 4 న్యూటన్లు ఏ మూడున్నరకో తగ్గవచ్చు. గాలి నిరోధంతో కలిపి మొత్తం 10 న్యూటన్లలో మిగిలేది అర న్యూటను! బడికి వెళ్ళే వేగంలో ఆ తేడా తెలియనే తెలియదు. పైగా ఇది తారు రోడ్డు మాట. గట్టు ఎక్కితే కథ తిరగబడుతుంది.

ఒక రాయి ఖరీదు

గ్రావెలు దారిలో గులకరాళ్ళు తేలి ఉంటాయి. గట్టిగా గాలి కొట్టిన సన్న టైరు ఒక సెంటీమీటరు ఎత్తున్న రాయిని ఎక్కిందనుకుందాం. టైరు నొక్కుకోదు. కాబట్టి సైకిలే పైకి లేవాలి. మొత్తం బరువులో సుమారు 60 శాతం, అంటే 42 కిలోలు వెనక చక్రం మీద ఉంటుంది. దాన్ని ఒక సెంటీమీటరు లేపడానికి ఎంత శక్తి కావాలి? 42 × 9.8 × 0.01 = సుమారు 4 జౌళ్ళు.

ఈ సంఖ్య ఇందాక ఎక్కడో చూశాం కదూ? తారు రోడ్డు మీద మీటరు దూరం దొర్లడానికి టైరుకు అయ్యే ఖర్చు కూడా అంతే. అంటే ఒక్క రాయి ఎక్కడం ఒక మీటరు తారు రోడ్డుతో సమానం. రాయి దిగేటప్పుడు ఆ శక్తి తిరిగి రాదా అని అడగవచ్చు. కొంత వస్తుంది. కాని చాలా భాగం చక్రం దభీమని పడటంలో, సీటు అదరడంలో, మీ ఒళ్ళు కుదుపులకు ఊగడంలో పోతుంది. చేతులు తిమ్మిరెక్కడం, నడుము నొప్పి పుట్టడం - ఇవన్నీ మీరు పెడలు మీద పెట్టిన శక్తి ఎక్కడికి పోయిందో చెప్పే ఆనవాళ్ళే.

అదే కొంచెం లావు టైరు, కొంచెం మెత్తని గాలి అయితే ఏమవుతుంది? రాయి టైరులోకి దిగుతుంది. సైకిలు దాదాపు లేవదు. రబ్బరు నొక్కుకున్నందుకు పోయే శక్తి స్వల్పం. అందుకే గతుకుల దారిలో మెత్తని టైరే వేగంగా పోతుంది. "ఎంత గట్టిగా గాలి కొడితే అంత వేగం" అన్న మాట అద్దంలాంటి రోడ్డుకే సరిపోతుంది.

ఈ సంగతి మొదట గ్రహించినవారు గాలి టైరును కనిపెట్టినవారే. 1845లో రాబర్ట్ థామ్సన్ అనే స్కాట్లండు ఇంజనీరు గాలి నింపిన టైరుకు పేటెంటు పొందాడు. కాని అప్పటికి పెడళ్ళ సైకిలు వాడుకలోకే రాలేదు. ఆ టైరును జనం మరచిపోయారు. 1888లో బెల్‌ఫాస్టు నగరంలో పశువైద్యుడిగా ఉన్న జాన్ బాయిడ్ డన్‌లప్ తన కొడుకు మూడు చక్రాల బండి రాళ్ళ వీధిలో ఎగిరెగిరి పడుతోందని, దాని చక్రాలకు గాలి నింపిన రబ్బరు గొట్టాలు చుట్టాడు. కొడుక్కి సుఖంగా ఉండాలని చేసిన పని అది. తీరా చూస్తే బండి వేగమూ పెరిగింది. మరుసటి ఏడాదే గాలి టైర్ల సైకిళ్ళు పందేలు గెలవడం మొదలుపెట్టాయి.

ఫ్రాన్సులో 1896 నుంచి పారిస్ - రూబే అనే సైకిలు పందెం జరుగుతోంది. అందులో చాలా దూరం బండరాళ్ళు పరిచిన పాత పల్లె దార్ల మీద తొక్కాలి. ఆ పందెంలో ఎంతటి మొనగాళ్ళయినా మామూలు రేసు టైర్లకంటే లావు టైర్లు వేసుకుని, గాలి తగ్గించుకుంటారు. నెమ్మదిగా పోదామని కాదు, గెలవాలని!

నేల మీద ముద్ర

టైరుకు గాలి ఎంత ఉంటే నేలను తాకే వైశాల్యం ఎంత ఉంటుందో చెప్పవచ్చు. పీడనం అంటే బరువును వైశాల్యంతో భాగించగా వచ్చేదే గదా! 42 కిలోల బరువున్న వెనక చక్రానికి చదరపు అంగుళానికి 40 పౌండ్ల గాలి కొడితే, అది చదరపు సెంటీమీటరుకు సుమారు 2.8 కిలోలు. కాబట్టి నేలను తాకే వైశాల్యం 42 ÷ 2.8 = 15 చదరపు సెంటీమీటర్లు. అదే 90 పౌండ్లు కొట్టిన రేసు టైరుకు 7 చదరపు సెంటీమీటర్లు కూడా ఉండదు.

గట్టి తారు రోడ్డుకు రెండూ ఒకటే. కాని వదులు మట్టి మీద, ఇసుక మీద ఆ చిన్న ముద్ర కత్తిలా దిగబడుతుంది. దిగబడ్డ చక్రం ఎప్పుడూ తన ముందున్న చిన్న మట్టి దిబ్బను ఎక్కుతూనే ఉండాలి. మేకు మొన దిగినట్టు దాని తల దిగదు - ఆ సూత్రమే ఇదీ. దమ్ము చేసే ట్రాక్టరుకు అంతంత వెడల్పు చక్రాలు ఎందుకుంటాయో కూడా ఇప్పుడు మీకు తెలిసిపోయింది.

అయితే గాలి మరీ తగ్గిస్తే ఇంకో ప్రమాదం ఉంది. రాయికీ రిమ్ముకూ మధ్య ట్యూబు నలిగి పక్కపక్కన రెండు చిల్లులు పడతాయి. పంచరు వేసే ఆయన ట్యూబును నీళ్ళలో ముంచినప్పుడు రెండు చోట్ల బుడగలు జంటగా వస్తే అది ముల్లు పని కాదు, గాలి చాలకపోవడమే. గాలి ఎంత ఉండాలో టైరు పక్కన అచ్చు వేసి ఉంటుంది. ఆ హద్దుల్లోనే, బరువు తక్కువున్నవారు కాస్త తక్కువగా, బరువున్నవారు కాస్త ఎక్కువగా పెట్టుకోవాలి. వెనక చక్రానికి ముందు చక్రం కంటే కొద్దిగా ఎక్కువ.

టైరు జాతకం

ఇప్పుడు మీ ఇంట్లో పాత సైకిలు ఉంటే దాని టైరు పక్క చూడండి. 28 × 1½ అని ఉంటుంది. 28 అంగుళాలు చక్రం ఎత్తు. ఒకటిన్నర అంగుళం టైరు వెడల్పు, అంటే సుమారు 38 మిల్లీమీటర్లు. కొన్నిటి మీద 40 - 635 అని కూడా ఉంటుంది. మొదటిది టైరు వెడల్పు, రెండోది రిమ్ము మీద టైరు కూర్చునే చోట వ్యాసం, రెండూ మిల్లీమీటర్లలో. ఈ రెండో సంఖ్య చాలా ముఖ్యం. 28 అంగుళాల పేరుతో అమ్మే టైర్లన్నీ ఒకటి కావు. కొత్త రకం సైకిళ్ళకు 622 ఉంటుంది. 622 టైరు 635 రిమ్ముకు ఎక్కదు. పేరు చూసి కాక ఈ సంఖ్య చూసి కొనాలి.

ఇక్కడ ఒక తమాషా ఉంది. అమెరికాలో కాన్సాస్ రాష్ట్రంలోని ఎంపోరియా నుంచి 2006లో గ్రావెలు దార్ల మీద 200 మైళ్ళ సైకిలు పందెం మొదలైంది. అలాంటి పందేలు పెరిగి, 2022లో ఇటలీలో మొదటి ప్రపంచ గ్రావెలు చాంపియన్‌షిప్ జరిగింది. తారు మీదా, గ్రావెలు మీదా ఒకటే సైకిలు పోవాలని ఇంజనీర్లు తయారుచేసిన ఆ కొత్త సైకిళ్ళకు సాధారణంగా ఎంత లావు టైర్లుంటాయో తెలుసా? 38 నుంచి 45 మిల్లీమీటర్లు. తాతయ్య సైకిలు టైరు 40! ఆయన మాటలో నిజం ఉంది. మంచి రోడ్లు లేని కాలంలో అన్ని దార్లకూ పనికి రావాలని చేసిన సైకిలే అది. చక్రం పెద్దది కావడం కూడా మేలే. చిన్న చక్రం గుంటలో పడితే పెద్ద చక్రం దాన్ని దాటుతుంది.

తాతయ్య సైకిలుకు తక్కువైనవి

అలాగని ఆ సైకిలు సర్వగుణ సంపన్నం కాదు. మూడు లోపాలున్నాయి.

మొదటిది బ్రేకులు. పాత సైకిళ్ళలో కడ్డీలు లాగితే రబ్బరు ముక్కలు ఉక్కు రిమ్మును నొక్కుతాయి. పొడిగా ఉంటే ఫరవాలేదు. వానలో తడిసిన నున్నని ఉక్కు మీద రబ్బరుకు పట్టు బాగా తగ్గిపోతుంది. వేగం రెట్టింపయితే ఆగే దూరం నాలుగింతలని మీరు చదువుకున్నారు. ఘర్షణ సగమైతే ఆ దూరం మళ్ళీ రెట్టింపు. లారీలు తిరిగే రోడ్డెక్కే పిల్లలకు ఇది ప్రాణం మీదికి వచ్చే సంగతి. అల్యూమినియం రిమ్ము తడిసినా ఇంతకంటే చాలా మేలు. డిస్కు బ్రేకు చక్రం మధ్యలో ఉంటుంది గనుక బురదకు, నీటికి దూరంగా ఉంటుంది.

రెండోది గేరు. ముందు పళ్ళ చక్రానికి 44 పళ్ళు, వెనక ఫ్రీవీలుకు 18 పళ్ళు ఉన్నాయనుకోండి. పెడలు ఒక చుట్టు తిరిగితే వెనక చక్రం 44 ÷ 18, అంటే 2.44 చుట్లు తిరుగుతుంది. చక్రం చుట్టుకొలత సుమారు 2.25 మీటర్లు. కాబట్టి ఒక తొక్కుకు సైకిలు 5.5 మీటర్లు పోతుంది. సమతలం మీద ఇది బాగానే ఉంటుంది. కాని 20 మీటర్లకు ఒక మీటరు ఎక్కే గట్టు వాలులో మొత్తం నిరోధం 40 న్యూటన్ల దాకా పెరుగుతుంది. అప్పుడు పెడలు మీద సగటున 21 కిలోల బరువు వేయాలి. ఫ్రీవీలు మార్చి 22 పళ్ళది వేయిస్తే ఒక తొక్కుకు 4.5 మీటర్లే పోతుంది గాని 17 కిలోల బరువు చాలు. సెకనుకు ఒక చుట్టు చొప్పున తొక్కితే అప్పుడు కూడా గంటకు 16 కిలోమీటర్లు పోతారు. గేర్ల సైకిలు కొనలేని వారికి ఇది చవకైన ఉపాయం. గేర్ల సైకిలు కొనేవారికి కూడా వెనక ఆరో ఏడో గేర్లుంటే ఈ ప్రాంతానికి చాలు. 21 గేర్లు అని రాసిన కాగితం చూసి మురిసిపోనక్కరలేదు.

మూడోది బరువు. అయితే సమతలం మీద బరువు ప్రభావం మనం అనుకునేదానికంటే తక్కువ. 5 కిలోలు తగ్గితే తారు మీద కలిసొచ్చేది 0.3 న్యూటన్లు మాత్రమే. ఇందాకటి వాలు మీద రెండున్నర న్యూటన్లు. గట్టు దగ్గర సైకిలును ఎత్తి దాటించవలసినప్పుడు మాత్రం ఆ 5 కిలోలు బాగా గుర్తుకొస్తాయి.

షాక్ అబ్జార్బర్లు, గరుకు టైర్లు

మరి షాక్ అబ్జార్బర్ల సైకిలు? రాళ్ళ కొండలు దిగేవారికి అవి కావాలి. మన గట్లకు గాలి టైరే మంచి స్ప్రింగు. చవక సైకిళ్ళకు పెట్టే స్ప్రింగు ఫోర్కు బరువు పెంచుతుంది. లేచి నిలబడి తొక్కినప్పుడు మీ బలంలో కొంత దాన్ని కిందికి నొక్కడానికే సరిపోతుంది.

లావు టైర్లకు ఉండే పెద్ద పెద్ద రబ్బరు బొడిపెలు బురదలో, వదులు మట్టిలో పట్టునిస్తాయి. తారు మీద మాత్రం ప్రతి బొడిపె అటూ ఇటూ వంగుతూ శక్తిని తింటుంది. తడి తారు మీద గాడులు లేని సైకిలు టైరు జారుతుందని కొందరి భయం. కారు టైరు అతివేగంలో నీటి పొర మీద తేలవచ్చు. సైకిలు టైరు సన్నగా, గుండ్రంగా ఉండి నీటిని పక్కకు తోసేస్తుంది. సైకిలు వేగంలో ఆ తేలడం జరగదు. అందుకని మధ్యలో నున్నగా, అంచుల్లో చిన్న బొడిపెలు ఉండే టైరు రెండు దార్లకూ కుదురుతుంది.

ఇంకొక చిన్న విషయం పెద్ద చిక్కు తెస్తుంది. టైరుకూ మడ్‌గార్డుకూ మధ్య ఖాళీ చూడండి. గుడివాడ వైపు నల్లమట్టి తడిస్తే జిగురు. టైరుకు అంటుకుని పైకొచ్చి మడ్‌గార్డు కింద గట్టిగా కూరుకుపోతుంది. నాలుగు చుట్లు తిరిగేసరికి చక్రం నిలిచిపోతుంది. ఆ మట్టిలో ఏ టైరూ ఏమీ చేయలేదు. కనీసం వేలు దూరేంత ఖాళీ ఉంటే పుల్లతో గీకి ముందుకు పోవచ్చు.

చేసి చూడండి

మేము చెప్పింది నమ్మనక్కరలేదు. మీరే పరీక్షించండి.

ఒక గ్రాఫు కాగితం నేల మీద పరచండి. వెనక టైరుకు కొద్దిగా తడి ముగ్గుపిండి పూసి, దాన్ని కాగితం మీద ఆనించి, స్నేహితుణ్ణి సీటు మీద కూర్చోబెట్టి లేపండి. ముద్ర వైశాల్యం లెక్కించండి. కొంచెం గాలి తీసి మళ్ళీ చూడండి.

రెండో పరీక్షకు వాహనాలు తిరగని చోటు, గాలి వీయని ఉదయం వేళ కావాలి. పెద్దవాళ్ళను ఒకరిని వెంట తీసుకెళ్ళండి. చిన్న వాలు పైన ఒక గీత గీసి, అక్కడి నుంచి పెడలు తొక్కకుండా సైకిలును దొర్లనివ్వండి. ఎంత దూరం పోయి ఆగిందో కొలవండి. తొక్కే మనిషి, బరువు, కూర్చునే తీరు మారకూడదు. టైరు మీద రాసిన గరిష్ఠ గాలితో మూడుసార్లు, కొంత తగ్గించి మూడుసార్లు చేసి సగటు తీయండి. తారు మీద, గ్రావెలు మీద విడివిడిగా చేయండి. రెండు చోట్లా ఒకే గాలి గెలిచిందా? పట్టిక వేసి మీ సైన్సు మాస్టారికి చూపించండి.

ఏ సైకిలు కొనాలి?

ఇప్పుడు మన విద్యార్థిని దగ్గరకు వద్దాం. ఆమెకు కావలసింది 35 నుంచి 42 మిల్లీమీటర్ల టైర్లు, స్ప్రింగు లేని ఫోర్కు, తడిలోనూ పట్టే బ్రేకులు, వాలు ఎక్కగల ఒక తేలిక గేరు, మట్టి కూరుకోని మడ్‌గార్డు, పుస్తకాలకు కేరియరు. సీటు మీద కూర్చుంటే మునివేళ్ళు నేలకు ఆనాలి. పెడలు అడుగుకు వెళ్ళినప్పుడు మోకాలు కొద్దిగా మాత్రమే వంగి ఉండాలి. వెనక ఎర్రని రిఫ్లెక్టరు, ముందు దీపం తప్పనిసరి. హైవే పక్కన సర్వీసు రోడ్డు ఉంటే అదే ఆమె దారి.

కొత్తది కొనలేకపోతే? తాతయ్య సైకిలునే బయటికి తీయవచ్చు. కొత్త టైర్లు, కొత్త బ్రేకు రబ్బర్లు, 22 పళ్ళ ఫ్రీవీలు వేయించి, చైనుకు నూనె పెట్టి, ఒక రిఫ్లెక్టరు బిగిస్తే చాలు. వాన రోజున మాత్రం నెమ్మదిగా పోవాలి, బ్రేకు ముందుగానే నొక్కడం మొదలుపెట్టాలి. కొత్త సైకిలు ధరలో కొద్ది భాగంతోనే ఆమె రోజూ బడి గంట కొట్టేలోపు చేరుకుంటుంది.

దుకాణానికి వెళ్ళినప్పుడు రంగూ, స్టిక్కర్లూ తరవాత చూడండి. ముందు టైరు పక్కన రాసిన అంకెలు చదవండి.